నిర్దోషి – ఎంతవరకు?

ఆంగ్ల వార్తాపత్రికలయందును, న్యాయవాదుల ప్రసంగములయందును తరచుగా కానవచ్చు వాక్యమొకటి గలదు: 'ఇన్నోసెంట్ అంటిల్ ప్రూవెన్ గిల్టీ.' దీనినే తెనుగున 'నేరము రుజువగు వరకు నిర్దోషి' అనుచున్నారు. ఇందలి 'వరకు' అను మాట మాకు సమ్మతము కాదు. 'బండి వచ్చువరకు నిలువుము' అన్నచో బండి వచ్చి తీరుననియే వినువాడు తలంచును. అటులనే 'రుజువగు వరకు' అనగా రుజువగుట నిశ్చయమనియు, కొంత ఆలస్యము మాత్రమే కలదనియు స్ఫురించును. 'అంటిల్' అనుటకు మారుగా 'అన్‌లెస్' అనుట మేలు. తెనుగున 'రుజువైననే దోషి, కానిచో నిర్దోషియే' అనిన సరిపోవును.

1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల పత్రమునందలి 11వ అధికరణమున 'అంటిల్' అనియే యున్నదిగదా యని కొందరనవచ్చును. నిజమే. న్యాయాధిపతి ఆ మాటను తప్పుగా గ్రహింపడు. మా భయమంతయు తొందరపడి చదువు పాఠకుని గూర్చియే.

దిల్‌సుఖ్‌నగరునే చూడుడు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలమున అచ్చట రెండు బాంబులు ప్రేలి 18 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ రాత్రి వ్యాకరణము నెవ్వరడుగుదురు? ఐదుగురిపై విచారణ నడచి, 2016 డిసెంబరు 13న వారు దోషులని ప్రత్యేక న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ నెల 19న విధించిన మరణశిక్షను హైకోర్టు 2025 ఏప్రిల్ 8న ధ్రువపరచెను. 2016లో ఆ తీర్పు వెలువడు దినము వరకు వారు నిందితులు, పిమ్మటనే దోషులు. ఇచ్చట 'వరకు' చెల్లినది. కాని ఈ నగరమునందే 2007 మే 18న జరిగిన మక్కా మసీదు ప్రేలుడు కేసున ఐదుగురు నిందితులను 2018 ఏప్రిల్ 16న న్యాయస్థానము విడుదల చేసెను. వారి విషయమున ఆ 'వరకు' ఎన్నడు వచ్చినది?

తెనుగువారి 'ముద్దాయి' పదము కథ మరియు వింతైనది. ఉర్దూలో ముద్దయీ యనగా ఫిర్యాదు చేసినవాడు. మనమో, ఫిర్యాదు నెదుర్కొనువానికే ఆ పేరు తగిలించితిమి!

ఎల్.బి.నగరున రంగారెడ్డి జిల్లా న్యాయస్థానముల యెదుట బస్సు ఆగినప్పుడు, పోలీసుల నడుమ నడచువానిని చూపి 'అడుగో దొంగ' యని బాలురనుట వినుచున్నాము. వాడు ఏ కేసున వచ్చెనో, తుదకు తీర్పేమగునో వారెరుగరు. 2022 నాటి ప్రభుత్వ లెక్కలనుబట్టి దేశమందలి ఖైదీలలో నూటికి 70 మందికి పైగా తీర్పు వెలువడని విచారణ ఖైదీలే. అట్టి వాని బిడ్డ మన తరగతిలోనే, ఆ మాట పలికిన బాలుని ప్రక్కబల్లపైననే కూర్చుండియుండవచ్చును.

కావున విద్యార్థులు తమ వ్యాసములలో 'పట్టుబడిన దొంగ' యని వ్రాసినచోట 'దొంగతనము మోపబడి పట్టుబడినవాడు' అని దిద్దుచున్నాము. వాక్యము పొడవగుచున్నదని వారు గొణుగుచున్నారు. పొడవైన కానిండు.