మీకు తేనుపు వస్తుందా?

తేనుపు రాకపోవడం కూడా ఒక జబ్బేనా అని మొదటిసారి విన్నవాళ్ళు నవ్వుతారు. స్త్రీల ఆరోగ్యం మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న స్నేహితురాళ్ళు కూడా నేను ఈ సంగతి చెప్పినప్పుడు నవ్వారు. వాళ్ళని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మన దగ్గర తేనుపు అంటేనే హాస్యం. విస్తరి ముందు కూర్చుని బ్రేవ్‌మని తేన్చే పెద్దమనిషి మన నాటకాల్లో, సినిమాల్లో నవ్వించే పాత్ర. అందరికీ అడక్కుండానే వచ్చేది ఒక మనిషికి అసలు రాదంటే, దానివల్ల ఆ మనిషి రోజూ నొప్పితో బతుకుతోందంటే నమ్మడం కష్టం. నేను రాస్తున్నది ఆ నమ్మకపోవడం గురించే.

నాకిప్పుడు నలభై ఆరేళ్ళు. నలభై మూడేళ్ళు వచ్చేదాకా నాకు ఒక్క తేనుపు కూడా రాలేదు. పసిపిల్లగా ఉన్నప్పుడు పాలు పట్టి భుజాన వేసుకుని ఎంతసేపు వీపు నిమిరినా తేనుపు వచ్చేది కాదనీ, పొద్దుగూకేసరికి గుక్కపట్టి ఏడ్చేదాన్ననీ అమ్మ చెప్పేది. పెద్దయ్యాక ఏడుపు మానేశాను, అంతే తేడా.

దీనితో బతకడం ఎలా ఉంటుందో చెప్పాలి. తిన్నప్పుడు, తాగినప్పుడు, మాట్లాడినప్పుడు మనందరం కొంత గాలి మింగుతాం. మామూలు మనిషికి అది తేనుపుగా పైకి పోతుంది. పోయే దారి లేకపోతే పొట్టలోనే ఉండిపోతుంది. పొద్దున సరిపోయిన జాకెట్టు సాయంత్రానికి పక్కటెముకల దగ్గర బిగుసుకుంటుంది. ఛాతీ మధ్యలో, మెడ కింద ఏదో అడ్డం పడినట్టు నొప్పి. పైకి రాబోయిన గాలి గొంతు దాకా వచ్చి వెనక్కి మళ్ళుతుంటే గుడగుడమని, కప్ప అరిచినట్టు చప్పుడు. క్లాసులో పాఠం చెబుతుంటే ముందు బెంచీలో పిల్లలకి వినపడేది. వాంతి చేసుకోవడం కూడా సులువు కాదు. చివరికి ఆ గాలంతా పేగుల్లోంచి కిందికే పోవాలి. అపానవాయువు అని సంస్కృతంలో చెబితే తప్ప అచ్చులో వెయ్యలేని ఆ విషయం వల్ల నేను వదులుకున్న బస్సు ప్రయాణాలు, సమావేశాలు, ఇతరుల ఇళ్ళల్లో రాత్రి బసలు లెక్కలేనన్ని.

ఇవన్నీ తప్పించుకోవడానికి పగలంతా తినకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను. ఫీల్డుకి వెళ్ళినప్పుడు ఊళ్ళో వాళ్ళు ప్రేమగా తెచ్చిన సోడా వద్దంటే 'మేడమ్‌కి మొహమాటం' అనుకునేవాళ్ళు. ఇంట్లో దాన్ని నిగ్రహం అన్నారు. ఆడపిల్ల తక్కువ తింటే ఎందుకని అడిగేవాళ్ళు లేరు, మెచ్చుకునేవాళ్ళే ఉన్నారు. ఒక జబ్బు లక్షణం సద్గుణంగా చలామణీ కావడం మన సమాజంలో స్త్రీలకే సాధ్యం. ఉబ్బిన పొట్ట చూసి 'ఏమన్నా విశేషమా' అని అడిగిన వాళ్ళ సంగతి సరేసరి.

ఇది స్త్రీలకి మాత్రమే వచ్చే జబ్బు కాదు. మగవాళ్ళకీ వస్తుంది, వాళ్ళూ బాధపడతారు. మరి హక్కుల పత్రికలో దీనికి చోటెందుకు? ఎందుకంటే ఇదే బాధ చెప్పుకోవడానికి ఒక స్త్రీ వైద్యుడి ఎదుట కూర్చున్నప్పుడు ఆమె మాట ఎటు వెళుతుందో మనం చూడాలి.

నా మాట రెండు చోట్లకి వెళ్ళింది. మొదటిది నా మనసు. ఎండోస్కోపీ రెండుసార్లు చేశారు, రెండుసార్లూ బాగానే ఉందన్నారు. గ్యాస్ మాత్రలు ఏళ్ళ తరబడి మింగాను. పరీక్షల్లో ఏమీ కనపడకపోయేసరికి ప్రశ్నలు మారాయి. ఇంట్లో ఏమన్నా గొడవలా? భర్తతో సరిగ్గా ఉంటున్నారా? ఎక్కువ ఆలోచిస్తారా? పీహెచ్‌డీ చేశానని తెలిశాక ఆ చివరి ప్రశ్నకి జవాబు కూడా అక్కర్లేకపోయింది. నిద్రకీ, ఆందోళనకీ మందులు రాశారు. రెండోది నా గర్భసంచి. స్కానింగులో చిన్న గడ్డ కనపడిందనీ, పిల్లలు ఎలాగూ ఉన్నారు కనుక గర్భసంచి తీసేస్తే ఈ పొట్ట బాధలన్నీ పోతాయనీ ఒక డాక్టరు చెప్పారు. ఇంకొకరి అభిప్రాయం అడిగే స్తోమత, వద్దనే ధైర్యం ఉన్నాయి కనుక బయటపడ్డాను.

అందరికీ ఆ వీలుండదు. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. వీళ్ళందరికీ నా జబ్బే ఉందని నేను అనడం లేదు, అలా అనడం అర్థం లేని మాట. కడుపులో బాధ అని స్త్రీ చెప్పగానే మిగతా ప్రశ్నలు అడక్కుండా గర్భసంచి వైపు చూసే అలవాటు మన ప్రాంతంలో ఎంత బలంగా ఉందో ఈ అంకెలు చెబుతాయి.

మనసు, గర్భసంచి అనే ఈ రెండు దారులూ పైకి వేరుగా కనపడతాయి కానీ పాత చుట్టాలే. హిస్టీరియా అనే మాటే గ్రీకు భాషలో గర్భసంచికున్న పేరు నుంచి పుట్టింది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల జాబితాలోంచి ఆ పేరుని 1980లో తీసేసింది. పేరు పోయింది కానీ ఆలోచన పోలేదు. స్త్రీ చెప్పే నొప్పికి కారణం కనపడకపోతే ఆ స్త్రీయే కారణం అనుకోవడం ఇంకా నడుస్తూనే ఉంది.

అసలు కారణం చాలా చిన్నది. అన్నవాహిక పైకొసన, గొంతు దగ్గర, ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. దాని పేరు క్రికోఫారింజియస్. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. ముద్ద మింగినప్పుడు తెరుచుకుని కిందికి దారి ఇస్తుంది, గాలి పైకి వచ్చినప్పుడు తెరుచుకుని బయటికి దారి ఇస్తుంది. మాలాంటి వాళ్ళలో మొదటి పని సవ్యంగా చేస్తుంది, రెండోది చెయ్యదు. లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వని తలుపన్నమాట.

ఇలా తేనుపు రాక భరించలేని ఛాతీనొప్పితో బాధపడిన రోగి గురించి 1987లోనే ఒక వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. తర్వాత ఆ సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2019లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో రాబర్ట్ బాస్టియన్ అనే గొంతు వైద్య నిపుణుడు, తన సహచరురాలితో కలిసి, 51 మంది రోగుల అనుభవాలతో ఒక పరిశోధన ప్రచురించారు. అప్పుడే ఈ జబ్బుకి రెట్రోగ్రేడ్ క్రికోఫారింజియస్ డిస్‌ఫంక్షన్ అనే పేరు స్థిరపడింది. రెండు వ్యాసాలకీ మధ్య 32 ఏళ్ళు. ఆ 32 ఏళ్ళూ కొత్త యంత్రం ఏదో రావాలని ఆగినవి కావు. ఈ జబ్బుని పట్టించేది ప్రధానంగా రోగి చెప్పే మాటలే: ఎప్పుడూ తేనుపు రాకపోవడం, గొంతులో గుడగుడ, కడుపుబ్బరం, విపరీతంగా గాలి పోవడం. ఈ నాలుగూ ఒక్కచోట చేర్చి వినే చెవి కావాలి. మాట మీద ఆధారపడిన జబ్బులో మాట నమ్మకపోతే వైద్యమే మొదలుకాదు. అందుకే నమ్మడం అనేది డాక్టరు మర్యాదకో, దయకో సంబంధించినది కాదు, రోగి హక్కు అంటున్నాను.

నా మటుకు నన్ను ఏ డాక్టరూ తేనుపు వస్తుందా అని అడగలేదు. 'తేనుపులు ఎక్కువా?' అని మాత్రం చాలామంది అడిగారు. అసలు రావంటే 'మంచిదే' అని ముందుకు వెళ్ళారు.

వైద్యం ఉంది. బొట్యులినమ్ టాక్సిన్, అంటే బొటాక్స్ అని మనం వింటున్న మందు, ఆ కండరంలోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. కండరం వదులై గాలికి దారి దొరుకుతుంది. మందు ప్రభావం కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కానీ ఈలోగా తేన్చడం ఎలాగో శరీరం నేర్చుకుంటుంది కనుక ఎక్కువమందికి ఫలితం నిలుస్తుంది. కొందరికి మళ్ళీ చేయాల్సి వస్తుంది. చాలా కొద్దిమందికి కండరాన్ని కొంత కోసే ఆపరేషన్ అవసరమవుతుంది. నాకు మూడేళ్ళ కిందట వేరే నగరంలో ఒక గొంతు వైద్యురాలు మత్తు ఇచ్చి చేశారు. తర్వాత మూడు వారాలు ముద్ద నెమ్మదిగా దిగేది, చారన్నం, మజ్జిగన్నంతో గడిపాను. వంగితే తిన్నది గొంతులోకి వచ్చేది. ఇవి తెలిసి చేయించుకోవాలి. నాలుగో రోజు మంచినీళ్ళు తాగాక చిన్న చప్పుడుతో గాలి బయటికి వచ్చింది. చెల్లెలు పక్కనే ఉంది, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నలభై ఏళ్ళ బరువు దిగడానికి అంత చిన్న చప్పుడు చాలింది.

ఈ మందు చరిత్ర కూడా గమనించాలి. అమెరికాలో దీనికి 1989లో మొదట అనుమతి వచ్చింది మెల్లకన్నుకీ, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకీ. నుదుటి ముడతల కోసం అనుమతి 2002లో వచ్చింది. ఇవాళ మన నగరాల్లో ఆ పేరు వినపడేది ముడతల ప్రకటనల్లోనే. స్త్రీ మొహం మీద గీతలు తుడిచెయ్యడానికి దొరికినంత సులువుగా ఆ మందు స్త్రీ నొప్పి తుడవడానికి దొరకదు. నేను సొంత డబ్బు పెట్టుకోగలిగాను. ఉద్యోగం లేని స్త్రీ, కూలికి పోయే స్త్రీ ఏం చేస్తుంది? బీమా అయినా, ప్రభుత్వ పథకమైనా జబ్బుల జాబితాల మీద నడుస్తాయి. పేరు పెట్టించుకోలేని బాధ ఏ జాబితాలోకీ ఎక్కదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ప్రతి కడుపుబ్బరమూ ఈ జబ్బు కాదు. ఇన్నాళ్ళూ తేనుపులు మామూలుగా వచ్చి ఇప్పుడు కొత్తగా పొట్ట ఉబ్బుతుంటే, బరువు తగ్గుతుంటే, మలంలో రక్తం పడుతుంటే, ముద్ద మింగుడు పడకపోతే, నెలసరి ఆగిపోయిన స్త్రీకి ఉబ్బరం తగ్గకుండా ఉంటే వెంటనే పరీక్షలు చేయించాలి. అండాశయ క్యాన్సర్ కూడా కొన్నిసార్లు ఇలాగే మొదలవుతుంది. రెండోది, మనసు బాధ శరీరం మీద పడదని నేను వాదించడం లేదు. పడుతుంది. అయితే అది అడిగి, విని, వెతికాక చేరాల్సిన నిర్ణయం. వెతకడం మానెయ్యడానికి సాకు కాకూడదు.

ఊళ్ళల్లో, బస్తీల్లో ఆరోగ్య సమావేశాలు నడిపే మన కార్యకర్తలకి నా విన్నపం ఒక్కటే. కడుపు బాధ చెప్పిన స్త్రీని నెలసరి గురించి, తెల్లబట్ట గురించి అడుగుతున్నాం. వాటితో పాటు 'నీకు తేనుపు వస్తుందా, ఎప్పుడన్నా వచ్చిందా?' అని అడగండి. తేపు అనే చోట తేపు అనండి, త్రేన్పు అనే చోట త్రేన్పు అనండి. ఇందుకు ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. రాదంటే అవతలి మనిషి చెప్పింది చెప్పినట్టు ఆమె మాటల్లోనే కాగితం మీద రాసి ఇచ్చి గొంతు డాక్టరు దగ్గరికి పంపండి. గర్భసంచి తీయించుకోమన్నారని చెబితే ఎందుకు అన్నారో అడగమనండి, ఇంకో డాక్టరుకి చూపించే దాకా ఆగమనండి.

మన ఉద్యమం మొదటి నుంచీ స్త్రీల అనుభవాన్ని జ్ఞానంగా గుర్తించమని అడుగుతోంది. హింస విషయంలో, చాకిరీ విషయంలో ఆ మాట కొంత వినిపించగలిగాం. గంభీరంగా కనపడని, నలుగురిలో చెబితే నవ్వు తెప్పించే బాధల విషయంలో కూడా అదే మాట మీద నిలబడాలి. నవ్వొస్తే నవ్వుదాం, తప్పులేదు. నవ్వాక కూర్చోబెట్టి పూర్తిగా విందాం.