దాటవేసిన జవాబుకు ప్రజలే మూల్యం చెల్లిస్తారు

ఐర్లండ్‌లో గోమాంస ఎగుమతుల కుంభకోణంపై 1991 నుంచి 1994 దాకా సాగిన ట్రిబ్యునల్‌కు న్యాయమూర్తి లియమ్ హామిల్టన్ నేతృత్వం వహించారు. విచారణ నడుస్తుండగా ఆయన అన్న మాట ఆ దేశ రాజకీయాల్లో నేటికీ వినిపిస్తుంది. తన ముందు చెబుతున్నంత సూటిగా పార్లమెంటులోనే జవాబులు చెప్పి ఉంటే ఈ విచారణతో పనే ఉండేది కాదని, ఎంతో డబ్బు, కాలం మిగిలేవని ఆ మాట సారాంశం. ఇరాక్‌కు వెళ్లే మాంసానికి ప్రభుత్వం ఇచ్చిన ఎగుమతి బీమా గురించి బారీ డెస్మండ్ వంటి ప్రతిపక్ష సభ్యులు సభలో అడిగారు. సరైన సమాధానం రాలేదు. గుడ్‌మన్ మాంసం సంస్థపై 1991 మేలో బ్రిటిష్ టెలివిజన్ కథనం ప్రసారమయ్యాకే ప్రభుత్వం విచారణకు దిగివచ్చింది. ఆ సాక్ష్యాలు రేపిన చిచ్చుకు 1992లో సంకీర్ణ ప్రభుత్వమే కూలిపోయింది.

మంత్రులను నిలదీసే ప్రతిపక్ష సభ్యుల గురించి రాసేటప్పుడు వారి ధైర్యం, వాగ్ధాటి గురించే ఎక్కువగా చెప్పుకుంటాం. జవాబు చెప్పక తప్పని ఏర్పాటు లేకపోతే ఆ ధైర్యం సభా రికార్డుల్లోనే మిగిలిపోతుంది. జవాబు దొరకని ప్రశ్న అంతటితో ఆగదు. కోర్టుకో, కమిషన్‌కో చేరుతుంది. అప్పటికి దాని ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ ఖర్చు భరించేది మంత్రి కాదు, పన్ను కట్టే పౌరుడు. గత పదిహేనేళ్లలో ఐర్లండ్‌లో జరిగిన రెండు ఉదంతాలు ఈ సత్యాన్ని మళ్లీ రుజువు చేశాయి.

సైట్‌సర్వ్ వెనక ఏముంది?

మొదటి ఉదంతం కాథరిన్ మర్ఫీది. కిల్డేర్ నార్త్ నియోజకవర్గం నుంచి 2011లో స్వతంత్ర అభ్యర్థిగా ఐరిష్ పార్లమెంటు దిగువ సభ ‘డాల్’కు ఎన్నికయ్యారు. వెనక పెద్ద పార్టీ లేదు. ప్రతిపక్ష నేత హోదా లేదు. ఆమె చేతిలో ఉన్నది ప్రతి సభ్యుడికీ ఉన్న ఆయుధమే: మంత్రికి లిఖితపూర్వకంగా ప్రశ్న వేసే హక్కు.

ఆమె పట్టుకున్న వ్యవహారం ఆంగ్లో ఐరిష్ బ్యాంకు పతనంతో ముడిపడింది. స్థిరాస్తి బుడగ పేలడంతో కుప్పకూలిన ఆ బ్యాంకును 2009 జనవరిలో ప్రభుత్వం జాతీయం చేసింది. తర్వాత మరో దివాలా సంస్థతో కలిపి ఐబీఆర్‌సీ అని పేరు మార్చింది. ఈ రెండింటిని నిలబెట్టడానికి ఐరిష్ ప్రజలు భరించినది దాదాపు 3,500 కోట్ల యూరోలు. అప్పట్లో జనాభా అరకోటి కూడా లేని దేశానికి అది తరాలపాటు మోయాల్సిన బరువు. అందుకే ఆ బ్యాంకు ఎవరికి ఎంత అప్పు మాఫీ చేసిందన్నది ప్రతి కుటుంబం అడగదగిన ప్రశ్న అయింది.

సైట్‌సర్వ్ అనే సేవల సంస్థ ఐబీఆర్‌సీకి దాదాపు 15 కోట్ల యూరోలు బాకీ పడింది. 2012 మార్చిలో ఆ సంస్థను వ్యాపారవేత్త డెనిస్ ఓబ్రయన్‌కు చెందిన కంపెనీకి సుమారు 4.5 కోట్ల యూరోలకు అమ్మారు. ప్రభుత్వ బ్యాంకు 10 కోట్ల యూరోలకు పైగా వదులుకోగా, సైట్‌సర్వ్ వాటాదారుల చేతికి మాత్రం దాదాపు 50 లక్షల యూరోలు అందాయి. అప్పిచ్చినవాడు నష్టపోతుంటే వాటాదారుకు డబ్బు ముట్టడం వ్యాపార న్యాయానికే విరుద్ధం. పైగా 2013లో నీటి మీటర్లు బిగించే ప్రభుత్వ కాంట్రాక్టుల్లో కొంత భాగం సైట్‌సర్వ్ అనుబంధ సంస్థకే దక్కింది. నీటి పన్నుపై జనం వీధుల్లోకి వచ్చిన రోజుల్లో ఈ వార్త నిప్పులో నెయ్యి పోసింది.

మర్ఫీ ఆర్థిక మంత్రి మైకేల్ నూనన్‌కు ప్రశ్న వెంట ప్రశ్న వేశారు. అమ్మకం నిర్ణయం ఎవరిది? వాటాదారులకు ఎందుకు చెల్లించారు? శాఖకు ఎప్పుడు తెలిసింది? అది బ్యాంకు బోర్డు తీసుకున్న వాణిజ్య నిర్ణయమన్న తరహాలో జవాబులు వచ్చాయి. ఆమె ఆగలేదు. సమాచార స్వేచ్ఛా చట్టం కింద పత్రాలు తెప్పించుకున్నారు. ఈ అమ్మకంపై ఆర్థిక శాఖ అధికారులే 2012లో తీవ్ర సందేహాలు వ్యక్తం చేశారని, బ్యాంకు చైర్మన్‌తో మంత్రి సమావేశమయ్యారని 2015 ఏప్రిల్‌లో ఆ పత్రాలు బయటపెట్టాయి. తనకు ఇచ్చిన సమాధానాల్లో ఈ విషయాలు ఎందుకు లేవని ఆమె సభలో నిలదీశారు. సభను తప్పుదోవ పట్టించలేదని మంత్రి వాదించారు. సభలో దొరకని సమాచారం ఫైళ్లలో ఉందన్నది మాత్రం దేశమంతా చూసింది.

ఇక్కడ ఒక కొనసాగింపు గమనించాలి. గోమాంస ట్రిబ్యునల్ నేర్పిన పాఠాల నుంచే 1997లో ఐరిష్ సమాచార స్వేచ్ఛా చట్టం రూపుదిద్దుకుంది. 2003లో రుసుములు పెట్టి దాన్ని నీరుగార్చారు. 2014లో కొత్త చట్టం దరఖాస్తు రుసుమును ఎత్తేసింది. ఒక తరం ప్రతిపక్షం అడిగి విఫలమైన చోట పుట్టిన చట్టం తర్వాతి తరం సభ్యురాలికి ఆయుధమైంది. పత్రాలు చూసే హక్కు తోడైతేనే సభలో వేసే ప్రశ్నకు బలం వస్తుందని దీన్నుంచి గ్రహించాలి.

సభలో మాట, కోర్టు గీత

2015 మే 28న మర్ఫీ డాల్‌లో లేచి, ఐబీఆర్‌సీ ఓబ్రయన్‌కు ఏ షరతులపై రుణాలిచ్చిందో చెబుతూ ప్రసంగించారు. ఆ వివరాలు నిజం కావని ఓబ్రయన్ ఖండించారు. తన బ్యాంకు లావాదేవీలపై ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ కథనం ప్రసారం చేయకుండా అంతకుముందే ఆయన హైకోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు పొంది ఉన్నారు. దాంతో దేశంలోని ప్రధాన పత్రికలు, టీవీ చానళ్లు సభలో జరిగిన ప్రసంగాన్ని పూర్తిగా ప్రచురించడానికే జంకాయి. ఎన్నికైన ప్రతినిధి సభలో ఏమన్నారో తమ పత్రికల్లో చదువుకోలేని స్థితి కొన్ని రోజులపాటు ఐరిష్ పౌరులకు ఎదురైంది.

ఐరిష్ రాజ్యాంగం 15వ అధికరణం సభలో మాటకూ, అది ఎక్కడ ప్రచురితమైనా దానికీ రక్షణ కల్పిస్తుంది. తన ఉత్తర్వు సభా కార్యకలాపాల వార్తలను అడ్డుకోవడానికి కాదని న్యాయమూర్తి డోనల్డ్ బించీ జూన్ 2న స్పష్టం చేశారు. ఆ తర్వాత మర్ఫీతో పాటు షిన్ ఫేన్ పార్టీ సభ్యుడు పియర్స్ డోహర్టీ ప్రసంగంపైనా ఓబ్రయన్ వేసిన కేసును 2019 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. సభలో సభ్యుల మాటలపై తీర్పు చెప్పడం కోర్టుల పని కాదని తేల్చింది.

ఆ స్వేచ్ఛకు హద్దు లేకపోలేదు. అంతకు కొద్ది రోజుల ముందే, 2019 ఫిబ్రవరిలో, అదే సుప్రీంకోర్టు ఒక స్వచ్ఛంద సంస్థ మాజీ అధిపతి ఏంజెలా కెరిన్స్ కేసులో పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం తన అధికార పరిధి దాటిందని తప్పుబట్టింది. స్వచ్ఛందంగా హాజరైన వ్యక్తిని పిలిచిన పని వదిలేసి మరో దారిలో గంటల తరబడి ప్రశ్నించడం చట్టబద్ధం కాదని చెప్పింది. ఈ రెండు తీర్పులను కలిపి చదవాలి. అధికారంలో ఉన్నవారిని అడిగే స్వేచ్ఛ నిరాఘాటంగా ఉండాలి. ప్రైవేటు వ్యక్తుల విషయంలో ఆ స్వేచ్ఛను బాధ్యతగా వాడుకోవాలి.

సైట్‌సర్వ్ విషయంలో ప్రభుత్వం మొదట మూతపడుతున్న బ్యాంకు లెక్కలు చక్కబెట్టే లిక్విడేటర్ చేతే సమీక్ష చేయించాలనుకుంది. విమర్శలు చెలరేగాక 2015 జూన్‌లో విచారణ కమిషన్ వేసింది. ఆ ఏడాది చివరికల్లా నివేదిక రావాలి. తొలి న్యాయమూర్తి అనారోగ్యంతో తప్పుకున్నారు. ఆయన స్థానంలో వచ్చిన బ్రయన్ క్రెగన్, గోప్యతా నిబంధనల వల్ల బ్యాంకు పత్రాలు వాడుకోలేకపోతున్నానని చెప్పడంతో 2016లో ప్రత్యేక చట్టం చేయాల్సివచ్చింది. గడువు మీద గడువు పెరిగి నివేదిక వెలువడింది 2022 సెప్టెంబరులో. ఖర్చు తొలి అంచనాలను ఎన్నో రెట్లు దాటింది. సైట్‌సర్వ్ అమ్మకంలో అక్రమాలు చోటు చేసుకున్నాయని, బ్యాంకుకు అసంపూర్ణమైన, తప్పుదోవ పట్టించే సమాచారం ఇచ్చారని కమిషన్ తేల్చింది. కొనుగోలుదారు ఓబ్రయన్ తప్పు చేశారని మాత్రం చెప్పలేదు. మర్ఫీ అనుమానం నిరాధారం కాదని తేలేసరికి అమ్మకం జరిగి పదేళ్లు గడిచాయి.

ఆసుపత్రి లెక్కల్లో అదే కథ

రెండో ఉదంతం డబ్లిన్‌లో కడుతున్న జాతీయ బాలల ఆసుపత్రిది. 2017లో 98.3 కోట్ల యూరోలతో ఆమోదం పొందిన నిర్మాణ వ్యయం 2018 డిసెంబరుకు 143.3 కోట్లకు ఎగబాకింది. అంతకుముందు సెప్టెంబరులో ఫియన్నా ఫాల్ పార్టీ సభ్యుడు బారీ కవెన్ ఆసుపత్రి ఖర్చుపై లిఖితపూర్వకంగా అడిగారు. ఖర్చు భారీగా పెరగబోతోందని ఆరోగ్య మంత్రి సైమన్ హారిస్‌కు ఆగస్టులోనే సమాచారం అందింది. కవెన్‌కు ఇచ్చిన జవాబులో ఆ సంగతి లేదు. 2019 ఫిబ్రవరిలో విషయం బయటపడ్డాక హారిస్ సభలో క్షమాపణ చెప్పారు.

ఆ తర్వాత హారిస్‌పై షిన్ ఫేన్ పెట్టిన అవిశ్వాస తీర్మానం 53-58 ఓట్లతో వీగిపోయింది. ప్రశ్న అడిగిన కవెన్ సొంత పార్టీయే ఓటింగుకు దూరంగా ఉంది. మైనారిటీ ప్రభుత్వానికి ఆ పార్టీ బయటి నుంచి మద్దతిస్తున్న కాలమది. ప్రశ్నకు అసంపూర్ణంగా జవాబిచ్చినందుకు పడే శిక్ష తప్పు తీవ్రతను బట్టి కాకుండా సభలో బలాబలాలను బట్టి నిర్ణయమైంది. ఆసుపత్రి మొత్తం వ్యయం 2024 నాటికి 220 కోట్ల యూరోలు దాటింది. హారిస్ అదే ఏడాది ప్రధాని అయ్యారు. అసంపూర్ణ సమాధానం రాజకీయ జీవితానికి అడ్డు కాదని యువ మంత్రులు దీన్నుంచి నేర్చుకుంటే, ఆ తప్పు వ్యవస్థది.

జవాబు ఎందుకు జారిపోతుంది? డాల్‌లో ఏటా పదుల వేల లిఖిత ప్రశ్నలు దాఖలవుతాయి. వాటిలో చాలా భాగం ఫలానా పౌరుడి పింఛను, ఫలానా రోగి శస్త్రచికిత్స వంటి నియోజకవర్గ పనులవి. ఆ ప్రవాహంలో విధాన ప్రశ్న ఒక గుమస్తా పనిగా మారిపోతుంది. రెండో కారణం, అధికారాలను బయటి సంస్థలకు బదిలీ చేయడం. 2005లో ఆరోగ్య సేవల కార్యనిర్వాహక సంస్థ ఏర్పడ్డాక, ఆరోగ్య మంత్రిని అడిగిన ఎన్నో ప్రశ్నలు నేరుగా జవాబివ్వమంటూ ఆ సంస్థకే వెళ్తున్నాయి. ప్రభుత్వ బ్యాంకు విషయంలో ‘వాణిజ్య నిర్ణయం’ అన్న మాట అదే పని చేసింది. డబ్బు ప్రజలదైనప్పుడు జవాబుదారీ కూడా వారు ఎన్నుకున్న సభ ముందే ఉండాలి.

ఇవి మనకు పరాయి సంగతులు కావు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు ప్రేరణ ఐరిష్ రాజ్యాంగమే. సభలో మాటలను పత్రికలు నిర్భయంగా ప్రచురించేందుకు 1956లో చట్టం తెచ్చిన ఫిరోజ్ గాంధీ అధికార పక్ష సభ్యుడు. వ్యాపారి ముంద్రా కంపెనీల్లో జీవిత బీమా సంస్థ పెట్టిన పెట్టుబడిపై ఆయన లోక్‌సభలో చేసిన పోరాటమే 1958లో న్యాయమూర్తి చాగ్లా విచారణకు, ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామాకు దారి తీసింది. ఆ విచారణ వారాల్లోనే ముగిసింది. ఆ వారసత్వం ఉన్న దేశంలో ప్రతిపక్షాలు సభను వదిలి వెళ్లడం బాధ కలిగిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఒక పార్టీ, 2021లో మరో పార్టీ నాయకుడు అసెంబ్లీకి రామని ప్రకటించారు. వారికి ఎదురైన అవమానాలు నిజమే కావచ్చు. ఖాళీ కుర్చీ మాత్రం ఏ మంత్రినీ ప్రశ్నించలేదు. హోదా, బలగం ఏదీ లేకుండా మర్ఫీ సాధించినది సభలో కూర్చునే సాధించారు.

ధైర్యవంతులైన సభ్యుల కోసం ఎదురుచూడటం ఒక్కటే పరిష్కారం కాదు. జవాబు సరిపోలేదనుకుంటే స్పీకర్‌కు ఫిర్యాదు చేసే వీలు ఐరిష్ నిబంధనల్లో ఉంది. దానికి కోరలు కావాలి: అసంపూర్ణమని స్పీకర్ తేల్చిన జవాబును గడువులోగా సరిదిద్దాలి, దానికి ఆధారమైన పత్రాలను సభ ముందుంచాలి. ప్రజాధనంతో నడిచే ప్రతి సంస్థ తరఫునా సభలో నిలబడి బదులిచ్చే మంత్రి ఒకరుండాలి. మంత్రికి తెలిసిన విషయాన్ని సభకు చెప్పలేదని రుజువైతే, పార్టీ విప్‌తో నిమిత్తం లేకుండా సభ్యులు ఓటు వేయగలగాలి. వీటిలో ఏ ఒక్కటీ ఖజానాకు భారం కాదు. డబ్లిన్‌లోనైనా, ఢిల్లీలోనైనా, అమరావతి, హైదరాబాద్‌లలోనైనా ప్రతిపక్షంలో ఉండగానే ఈ సంస్కరణలకు హామీ ఇచ్చి, అధికారంలోకి వచ్చాక అమలు చేసే పార్టీనే జవాబుదారీ గురించి మాట్లాడటానికి అర్హమైనదిగా ఓటరు గుర్తించాలి.