గడ్డ తీసిన గంటల ఏం జరుగుతుందో గది అడుగుర్రి

రొమ్ము క్యాన్సర్‌ల ఎవలకు కీమో అక్కెర, ఎవలకు అక్కెర లేదనేది ఇగ ఏఐ చెప్తదట. గీ వార్త ఫోన్‌ల చదివినప్పుడు నాకు మా చిన్నమ్మ యాదికొచ్చింది. ఆమె గడ్డ తీసి, ఫార్మలిన్ లేని డబ్బల ఏసి, మా బావ చేతికిచ్చి పట్నం పంపిన్రు. బస్సు దిగి ల్యాబుల ఇచ్చేసరికి తెల్లారింది. హార్మోన్ పరీక్ష తేలలేదన్నరు. మల్ల తియ్యనీకి గడ్డ లేకపాయె.

ఏఐ ఉత్తదని నేనంటలేను. గడ్డ ముక్కను మైనంల పెట్టి, పల్చగ కోసి, గాజుపలక మీద రంగేస్తరు. డాక్టర్ మైక్రోస్కోపుల చూసే గా పలకనే స్కాన్ చేసి ఫొటోగ మారుస్తరు. కణాల ఆకారం, వాటి వరుస చూసి రోగం మల్ల వచ్చే ముప్పు ఎంతనో ప్రోగ్రాం లెక్కగడ్తది.

ఇందుల ఫాయిద చిన్నది కాదు. 2018ల టెయిలరెక్స్ అనే పరిశోధన ఫలితాలొచ్చినయ్. 10 వేల మందికి పైగ ఆడోళ్ల మీద చేసిన్రు. హార్మోన్ రకం గడ్డ, హెర్2 లేదు, చంకల గ్రంథులకు పాకలేదు, ముప్పు స్కోరు నడిమిట్ల ఉన్నది. గసొంటోళ్లల్ల చానమందికి హార్మోన్ గోలీలే సాలు, కీమోతోని ఎక్కువ లాభం లేదని తేలింది. 50 ఏండ్ల లోపు కొందరికి మాత్రం జర లాభం కనవడ్డది. గా స్కోరు గడ్డలోని 21 జన్యువులు చదివి ఇస్తరు. ముక్క అమెరికా పోవాలె, ఖర్సు లక్షలల్ల. అదే సంగతి ఉన్న పలక ఫొటోతోనే తెలిస్తే? జుట్టు రాలుడు, వాంతులు, నెలల కొద్ది పోయే కూలి, అప్పు, అన్ని తప్పుతయ్. 2022ల మన దేశంల సుమారు 1.92 లక్షల మందికి కొత్తగ ఈ రోగమొచ్చిందని గ్లోబోకాన్ అంచనా.

అయితే డాక్టర్ల కంటె మెషినే గెలిచిందని రాస్తరు సూడు, గక్కడ జర ఆగాలె. నెదర్లాండ్స్‌ల పెట్టిన క్యామెలియాన్ పోటీల 129 పలకలు చూడమన్నరు. గడువు పెడితే 11 మంది డాక్టర్ల కంటె మంచి ప్రోగ్రాములే ముందున్నయ్. గడువు లేకుండ తీరువడిగ చూసిన డాక్టర్ మాత్రం వాటికి సమానంగనే నిలిచిన్రు. మనకాడ తక్కువైంది గా తీరుబడి, గా డాక్టర్లే.

ఇంకోటి. ల్యాబు ల్యాబుకు రంగు తేడా ఉంటది, స్కానర్ తేడా ఉంటది. ఒక్క దవాఖాన పలకలతోని నేర్చిన ప్రోగ్రాం వేరేకాడ తడబడ్తది. మరి కుళ్లిన ముక్కనేం చదువుతది? తీసిన గంటల ముక్క ఫార్మలిన్‌ల పడాలె, 6 గంటలకు తక్కువ కాకుండ, 72 గంటలు దాటకుండ ఉండాలె. ఇదేం రాకెట్ ముచ్చట కాదు. జిల్లా దవాఖానలల్ల ఫార్మలిన్ డబ్బ, ఒక పాథాలజిస్టు, నమూనా తీస్కపోయే బండి, గివి ముందుగాల పెట్టకుండ ఏఐ సెంటర్‌కు రిబ్బన్ కత్తిరిస్తే నేనైతే చప్పట్లు కొట్ట.

మీ ఇంట్ల ఎవలికన్న గడ్డ తీస్తే, డబ్బల ఫార్మలిన్ పోసిన్రా అని అడుగుర్రి. మైనం బ్లాకు, పలకలు అడిగి తీస్కొని భద్రంగ పెట్టుర్రి, రేపు ఏ పరీక్షకైన అవే కావాలె. మా చిన్నమ్మకు రిపోర్టు తేలక కీమోనే ఎక్కించిన్రు. అక్కెరుండెనో లేకుండెనో ఇప్పటికీ ఎవలు చెప్పలే.