పైకప్పు మార్చుటకు ముందు అటక చూడుడు

మినెసోటా వంటి శీతలరాష్ట్రములలో ఇల్లు కొనుక్కొన్న మనవారు, తారు షింగిల్సు శిథిలమై కప్పు మార్చవలసివచ్చినప్పుడు, వాని రంగును గూర్చియు, హామీ సంవత్సరములను గూర్చియు దీర్ఘముగా విచారింతురే కాని, ఆ కప్పునకును గదుల సీలింగునకును నడుమనున్న అటకలోనికి టార్చిలైటు పట్టుకొని ఒక్కమారైనను తొంగిచూడరు. (మన యిండ్లలో అటక యన్నది పాతసామానులు దాచుటకే గదా!)

శీతకాలమున చూరులవెంట వ్రేలాడు మంచుకడ్డీలు చూపరులకు రమణీయములే. కాని అవి పలుమారు ఇంటి వెచ్చదనము వ్యర్థముగా తరలిపోవుచున్నదనుటకు సాక్ష్యములు. క్రిందిగదుల వెచ్చని గాలి, దీపముల రంధ్రములగుండను, అటకద్వారపు సందులగుండను పైకెగసి, కప్పుమీది హిమమును అడుగునుండి కరగించును. ఆ నీరు జారి, చల్లని చూరు అంచును చేరి, మరల గడ్డకట్టి, చెరువుకట్టవలె అడ్డునిలువగా, వెనుకవచ్చు నీరు షింగిల్సు క్రిందికి ఎగబ్రాకి గోడలలోనికి దిగును. ఇట్టి రోగమునకు క్రొత్త షింగిల్సు చికిత్స కానేరవు.

మొదట సందులు మూయవలయును. పిమ్మటనే ఇన్సులేషను పెంచవలయును. అచటి శీతలమండలములలో ఇన్సులేషను ఏమియు లేని అటకకు, అమెరికా ప్రభుత్వపు ఇంధనపొదుపు కార్యక్రమమైన ఎనర్జీ స్టార్ సూచించునది ఉష్ణనిరోధపు కొలతలో ఆర్-60, అనగా కాగితపు సెల్యులోజుతో నింపినచో సుమారు 17 అంగుళముల మందము. అయితే చూరు క్రింది గాలిదారులను దానితో పూడ్చివేయరాదు. పాత అటకలో ఇన్సులేషనుగా పోసిన వెర్మిక్యులైటు ఖనిజపు గుళికలు కనబడినచో తాకకుండుట మేలు; మోంటానాలోని లిబ్బీ గనినుండి వచ్చిన సరకులో హానికరమగు ఆస్బెస్టాసు కలిసియుండెను.

షింగిల్సు ఊడదీసిన దినమున చెక్కపలకలు నల్లబడియున్నవేమో, స్నానాలగదుల పంకాలు తేమను అటకలోనికే విడుచుచున్నవేమో చూపుమని పనివారిని గట్టిగా అడుగుటకు మనవారు మొగమాటపడనక్కరలేదు.