పరిమళానికి పేరు

మొన్న హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సుకోసం నిలబడి, రెండు మూరలు మల్లెపూలు కొలవమన్నాను. ఆ వాసనకు ఎడ్మాం రుద్నిత్స్కా గుర్తొచ్చాడు. ఫ్రాన్సులో సెంట్లు కూర్చిన ఘనుడు. ‘మ్యుగే’ అని ఒక పూవుంది. దాని వాసన అత్తరుకు లొంగదు. ఆయన దాన్ని తన తోటలో నాటి, వాసన చూసి చూసి, వేరే ద్రవ్యాలతోనే ఆ పరిమళం పుట్టించాడు. 1956లో వెలువడిన ఆ సీసామీద పేరు మాత్రం డియోర్ కంపెనీది!

మన కొండవీటి సంగతీ అంతే. కుమారగిరిరెడ్డికి సుగంధద్రవ్యాలు తెప్పించిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చాడు. గంధం నూరిన చేతుల పేరెవరు రాశారు?

నాకు సిగ్గేసింది. ఆరేళ్లుగా ఈమె దగ్గరే కొంటున్నాను. “నీ పేరేమిటమ్మా?” అన్నాను.

పూలు పొట్లం కడుతూ నవ్వింది: “ఇన్నాళ్లకడిగారా బాబుగారూ! ముందు చిల్లరివ్వండి, బస్సొచ్చేసింది.”