గంటకు 21 డాలర్లు

మా తమ్ముడి కూతురు టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. గుంటూరులో బీకాం చదివింది. పెళ్లయి వెళ్లి ఎనిమిదేళ్లయింది, పిల్లాడు బడికి పోతున్నాడు. అల్లుడికి గ్రీన్‌కార్డు కోసం పెట్టిన ఐ-140 పిటిషన్ ఆమోదమయ్యాక తనకి పనిచేసుకునే ఈఏడీ కార్డు చేతికొచ్చింది. కార్డొచ్చిన వారానికే ఫోన్. “పెదనాన్నా, మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరదామనుకుంటున్నా. తొమ్మిది నెలలు. ఫీజు పదిహేడున్నర వేలు.”

డాలర్లని గుర్తు తెచ్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. అంకె కనపడగానే రూపాయల్లోకి మార్చే అలవాటు నాకింకా పోలేదు. మారిస్తే కోర్సు సంగతి పక్కకుపోయి ఊళ్లో పొలం ధర గుర్తొస్తుంది కాబట్టి డాలర్లలోనే మాట్లాడుకుందాం.

మెడికల్ అసిస్టెంట్ అంటే మన పాతకాలపు కాంపౌండరుకి దూరపు చుట్టం. పేషెంటుని గదిలోకి తీసుకెళ్లి బరువు, బీపీ చూడటం, ఏం మందులు వాడుతున్నారో అడిగి కంప్యూటర్లో ఎక్కించడం, ఇంజెక్షన్ ఇవ్వడం, ఈసీజీ తీయడం, రక్తం లాగడం. ఇంకో పక్క ఫోన్లు, అపాయింట్‌మెంట్లు, ఫలానా స్కానింగుకి ముందస్తు అనుమతి ఇవ్వమని ఇన్సూరెన్సు కంపెనీని గంటసేపు బతిమాలడం. నర్సు కాదు, గుమాస్తా కాదు, రెండూను. పగటి పని, చాలా క్లినిక్కుల్లో శని ఆదివారాలు సెలవు. పిల్లాడి బడి వేళలకు సరిపోతుంది. మా అమ్మాయికి నచ్చిందీ అదే.

ఇక జీతం. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2024 మే నాటి లెక్క ప్రకారం మెడికల్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం 44,200 డాలర్లు. సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. గంటకు 21 డాలర్ల పావు. ఇది అనుభవమున్నవాళ్లనీ లేనివాళ్లనీ కలిపి తీసిన అంకె. కొత్తగా చేరినవాళ్లకి ఇంతకంటే తక్కువే వస్తుంది.

కాలేజీ వాళ్ల బ్రోచర్‌లో ఈ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ఉండేది ఇంకోటి: 2034 దాకా పదేళ్లలో ఈ ఉద్యోగాలు 12 శాతం పెరుగుతాయని. అది నిజమే, అదే శాఖ చెప్పిన మాటే. అన్ని ఉద్యోగాల సగటు కంటే చాలా ఎక్కువ. కానీ ఉద్యోగాలు పెరిగితే జీతం పెరుగుతుందని ఎవరన్నారు? క్లినిక్కులు ఈ ఉద్యోగాలు పెంచుకుంటున్నదే నర్సు కంటే చవగ్గా పని జరుగుతుందని. చవగ్గా దొరకడమే ఈ ఉద్యోగానికి గిరాకీ అయినప్పుడు, గిరాకీ ఉంది కదా జీతం ఎక్కువివ్వండి అంటే ఎవరు వింటారు?

పోల్చి చూడండి. 2024 సెప్టెంబర్లో అమెజాన్ తన గోదాముల్లో, డెలివరీ పనుల్లో సగటు మూలవేతనం గంటకు 22 డాలర్లు దాటుతుందని ప్రకటించింది. కాలిఫోర్నియాలో పెద్ద ఫాస్ట్‌ఫుడ్ గొలుసు దుకాణాల్లో 2024 ఏప్రిల్ నుంచి కనీస వేతనమే 20 డాలర్లు. బంగాళాదుంపలు వేయించడానికి సర్టిఫికెట్ అడగరు. గోదాములో నడుము విరుగుతుంది, క్లినిక్కులో విరగదు, ఆ తేడా చిన్నదేం కాదు. అయితే ఆ తేడాకి పదిహేడున్నర వేలు ఇవ్వాలా అన్నదే నా ప్రశ్న.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ పనికి చాలా రాష్ట్రాల్లో లైసెన్సు అక్కర్లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలాంటి కొన్నిచోట్ల ప్రభుత్వ గుర్తింపు ఉండి తీరాలి. టెక్సస్‌లాంటి చోట్ల డాక్టరు మనిషిని పెట్టుకుని తానే పని నేర్పించుకోవచ్చు.

ఇంకో తికమక పేర్లలో ఉంది. కాలేజీ కోర్సు పూర్తయ్యాక ఇచ్చే సర్టిఫికెట్ వేరు, బయటి సంస్థ పెట్టే పరీక్ష పాసైతే వచ్చే సర్టిఫికేషన్ వేరు. క్లినిక్కు వాళ్లు అడిగేది రెండోది. అందులో ఏఏఎంఏ వాళ్ల సీఎంఏ పరీక్ష రాయాలంటే సాధారణంగా సీఏఏహెచ్ఈపీ గానీ ఏబీహెచ్ఈఎస్ గానీ గుర్తించిన కోర్సు చదివి ఉండాలి. గుర్తింపు లేని కోర్సుకి డబ్బు కడితే ఆ తలుపు మూసుకున్నట్టే. ఎన్‌హెచ్ఏ వాళ్ల సీసీఎంఏ పరీక్షయితే ఏడాది పని అనుభవంతో కూడా రాయొచ్చు. అంటే ముందు ఉద్యోగం, తర్వాత పరీక్ష. ఈ మాట కాలేజీ కౌన్సెలర్ చెప్పదు, ఆవిడ జీతం చెప్పకపోవడం మీదే ఆధారపడి ఉంది.

సర్టిఫికేషన్‌కి విలువ లేదని కాదు. డాక్టరు చెప్పిన మందులు, పరీక్షలు కంప్యూటర్లో ఎక్కించే పని సర్టిఫికేషన్ ఉన్న అసిస్టెంట్లు చేసినా లెక్కలోకొస్తుందని 2012లో ఫెడరల్ ప్రభుత్వం ఒప్పుకుంది. పెద్ద ఆసుపత్రులు దాన్ని పట్టుకుని అడగడం అప్పటినుంచి ఎక్కువైంది.

మా అమ్మాయి చేత కాగితం, పెన్ను తీయించాను. ఇప్పుడు దుకాణంలో చేరితే గంటకు 18 వస్తుందనుకుందాం. కోర్సు చేసి క్లినిక్కులో చేరితే 20. తేడా 2 డాలర్లు. ఏడాదికి 2,080 గంటలు పనిచేస్తే 4,160. పన్నులు పోగా మూడున్నర వేలు మిగిలితే గొప్ప. పదిహేడున్నర వేలు వెనక్కి రావడానికి ఐదేళ్లు. కోర్సు చదివిన తొమ్మిది నెలలు రాని జీతం ఇందులో కలపలేదు. జీతం లేకుండా క్లినిక్కులో చేసే 160 గంటల ప్రాక్టీసు కలపలేదు. పిల్లాడి డేకేర్ అసలే కలపలేదు. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, ఇక్కడ కోడి కూడా అరువు కోడే.

అదే కోర్సుకి కమ్యూనిటీ కాలేజీలో మూడు, నాలుగు వేలయితే ఏడాది చిల్లరలో తీరిపోతుంది. పని అదే, పరీక్ష అదే, జీతం అదే. కమ్యూనిటీ కాలేజీలో సీటు కోసం ఒక సెమిస్టరు ఆగాలి, ఆ ఓపిక లేకపోవడానికే మనం పదమూడు వేలు చెల్లిస్తున్నాం.

ఈ వ్యాపారం ముదిరితే ఏమవుతుందో అమెరికా ఒకసారి చూసింది. ఎవరెస్ట్ పేరుతో కాలేజీలు నడిపిన కొరింథియన్ కంపెనీకి మెడికల్ అసిస్టెంట్ కోర్సు పెద్ద ఆదాయం. ఉద్యోగాలొచ్చినవాళ్ల లెక్కలు ఉబ్బించి చూపుతోందని కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌గా ఉన్న కమలా హారిస్ 2013లో దావా వేశారు. 2015 ఏప్రిల్లో మిగిలిన క్యాంపస్‌లన్నీ ఒక్కసారి మూతపడ్డాయి. అక్కడ చదివిన 5 లక్షల 60 వేల మంది అప్పులు, 580 కోట్ల డాలర్లు, 2022లో ప్రభుత్వం మాఫీ చేయాల్సి వచ్చింది. ఆ మాఫీ ఫెడరల్ అప్పులకు. మనవాళ్లలో హెచ్-4 అనే ఆశ్రిత వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ అప్పు అసలు రాదు, మొగుడి పొదుపులోంచి తీసి నగదు కడతారు. కాలేజీ మునిగితే మాఫీ చేయడానికి అక్కడ అప్పే లేదు.

వీసా మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా కావాలంటే కనీసం డిగ్రీ అవసరమయ్యే ఉద్యోగమై ఉండాలి. మెడికల్ అసిస్టెంట్ అందులోకి రాదు. ఈఏడీ లేకుండా కోర్సు చేస్తే కాగితం గోడకు తగిలించుకోవాల్సిందే. ఈఏడీ ఉన్నా 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే రెన్యువల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఇంట్లో కూర్చోవాలి, క్లినిక్కు వాళ్లు కుర్చీ ఖాళీగా ఉంచరు.

గ్రీన్‌కార్డు ఉండి, రెండేళ్లు చదివే ఓపిక ఉన్నవాళ్లు ఈ మెట్టు దాటి పై మెట్టు చూడాలి. అదే 2024 లెక్కల్లో ఎల్‌పీఎన్ అనే లైసెన్సు నర్సుకి 62,340 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సుకి 93,600. అసిస్టెంట్ కోర్సులో చదివిన పాఠాలు నర్సింగుకి చాలావరకు లెక్కకురావు, మళ్లీ మొదటినుంచే. “ముందు ఇది చేసి తర్వాత నర్సింగ్ చేస్తా” అనే మాట నాకు నచ్చకపోవడానికి కారణమిదే. మెడిసిన్‌కో పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) కోర్సుకో వెళ్లేముందు క్లినిక్కులో గంటలు పోగేసుకునే మన పిల్లల సంగతి వేరు. వాళ్లకి కావాల్సింది అనుభవం, అది నేర్పించి పెట్టుకునే క్లినిక్కులో దొరుకుతుంది. వాళ్లయితే ఫీజు అసలే కట్టకూడదు.

ఈ పని చిన్నదని నేననడం లేదు. చూడటానికొచ్చిన తల్లిదండ్రుల్ని డాలస్ క్లినిక్కులకు తీసుకెళ్లే కొడుకుల్ని అడగండి. “నరం లాగుతోంది”, “కడుపులో దేవుతోంది” అనే పెద్దావిడ మాట విని, ఏ నరం, ఎప్పటినుంచి అని తెలుగులోనే అడిగే మనిషి ఆ గదిలో ఉంటే డాక్టరుకి సగం రోగం తెలిసిపోతుంది. ఆ సాయానికి పే స్లిప్పులో గడి లేదు.

మా అమ్మాయి కాలేజీకి డబ్బు కట్టలేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న నాలుగు క్లినిక్కులకు వెళ్లి, “సర్టిఫికేషన్ ఉంటే గంటకు ఎంత ఎక్కువిస్తారు, లేకపోతే పెట్టుకుంటారా” అని ఆఫీసు మేనేజర్లనే అడిగింది. రెండు చోట్ల పెట్టుకోం అన్నారు. ఒకచోట డాలరు ఎక్కువన్నారు. నాలుగోచోట రిసెప్షన్లో చేరమన్నారు, పని వాళ్లే నేర్పుతారు, ఏడాదయ్యాక పరీక్ష ఫీజు కూడా వాళ్లే కడతారు. ఇప్పుడు అక్కడే ఉంది, గంటకు 18 డాలర్లు. కాలేజీ కౌన్సెలర్ మాత్రం ఇంకా ఫోన్ చేస్తూనే ఉందట, ఫీజులో రెండు వేలు తగ్గిస్తామని.