అరవై వేలతో గేమింగ్ కంప్యూటర్.. లెక్క ఎక్కడ తప్పుతోంది?

2025 వేసవిలో అరవై వేల రూపాయలు చేత పట్టుకుని దుకాణానికి వెళ్తే ఓ మాదిరి గేమింగ్ కంప్యూటర్ ఇంటికి వచ్చేది. అదే ఏడాది దీపావళి దాటేసరికి లెక్క తారుమారైంది. అన్నిట్లోకీ చవక అనుకున్న ర్యామ్ ధర ఏడాది చివరికి రెండింతలు, కొన్ని రకాలైతే మూడింతలు అయ్యింది. దాని వెనకే ఎస్‌ఎస్‌డీ ధరా కదిలింది. పొద్దున ఇచ్చిన కొటేషన్‌కు సాయంత్రం దుకాణదారు కట్టుబడలేని రోజులు వచ్చాయి.

బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఇంట్లో పిల్లాడు కంప్యూటర్ అడిగితే తండ్రికి వచ్చే అనుమానం ఒక్కటే. ఇంత డబ్బు పోస్తే ఎన్నాళ్లు పనికొస్తుంది? ఆ అనుమానం న్యాయమైనదే. ధరలు ఇలా ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి కొత్తవి, గొప్పవి కొనాలనుకుంటే డబ్బు చాలదు. తర్వాత మార్చడం కష్టమైన భాగాలకు ముందు డబ్బు పెట్టాలి. తర్వాత కలుపుకోగలిగిన వాటిని వాయిదా వేయాలి. దారి ఇదొక్కటే.

ర్యామ్‌కు రెక్కలెందుకు?

ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగం మూడు కంపెనీలవే. కొరియాకు చెందిన శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేకమైన మెమరీ కావాలి. మనం వాడే డీడీఆర్5తో పోలిస్తే ఒక్కో జీబీకి అది దాదాపు మూడింతల సిలికాన్ పలకలను మింగేస్తుంది. లాభం ఎక్కువ కాబట్టి కంపెనీలు అటే మొగ్గాయి. 2025 అక్టోబరులో ఓపెన్ఏఐ సంస్థ శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ఒప్పందాలు ప్రకటించింది. నెలకు 9 లక్షల పలకల దాకా అవసరమవుతాయన్నది అప్పుడు చెప్పిన లెక్క. డిసెంబరులో మైక్రాన్ ఇంకో అడుగు వేసింది. మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన 'క్రూషియల్' వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్టు ప్రకటించింది.

దీనికితోడు రూపాయి. 2025 డిసెంబరు మొదట్లో డాలరు 90 రూపాయలు దాటింది. చిన్న లెక్క చూడండి. ఇంటెల్ ఆర్క్ బి580 గ్రాఫిక్స్ కార్డు 2024 డిసెంబరులో 249 డాలర్లకు విడుదలైంది. డాలరుకు 90 చొప్పున 22,410 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 26,400 దాటుతుంది. దిగుమతిదారు లాభం, దుకాణదారు లాభం ఇంకా కలపలేదు. విదేశీ వీడియోల్లో డాలరు ధర చూసి మనవాళ్లు వేసుకునే బడ్జెట్ దుకాణం మెట్లెక్కగానే ఎందుకు చాలకుండా పోతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

దేనికెంత?

మానిటర్ కాకుండా 60 వేలు అనుకుందాం. రేట్లు మారుతుంటాయి కాబట్టి రూపాయల కంటే వాటాలు గుర్తుపెట్టుకోవడం మంచిది. గ్రాఫిక్స్ కార్డుకు 35 నుంచి 40 శాతం. ప్రాసెసర్‌కు 18 శాతం దాకా. మదర్‌బోర్డుకు 12 శాతం. ఎస్‌ఎంపీఎస్‌కు 7 శాతం. క్యాబినెట్‌కు 5 శాతం మించనివ్వొద్దు. మిగిలింది ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి. ధరలు పెరగక ముందు ఈ రెంటికీ కలిపి 12, 13 శాతం సరిపోయేది. ఆ తర్వాత 20 శాతం ఇచ్చినా చాలని పరిస్థితి వచ్చింది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ర్యామ్ పెరిగింది కదా అని ఆ లోటును ఎస్‌ఎంపీఎస్‌లో, మదర్‌బోర్డులో కోసేస్తున్నారు. రంగురంగుల లైట్ల క్యాబినెట్ మాత్రం అలాగే ఉంచుతున్నారు. లైట్లు ఆట వేగాన్ని ఇసుమంత కూడా పెంచవు. ముందు కోయాల్సింది అక్కడ. తర్వాత ఎస్‌ఎస్‌డీలో. ఒక టీబీ బదులు 512 జీబీతో మొదలుపెట్టొచ్చు. బోర్డులో రెండో ఎస్‌ఎస్‌డీకి చోటుంటే, ధరలు దిగాక ఇంకోటి తగిలించుకోవచ్చు.

పాతదా? కొత్తదా?

అసలు తర్జనభర్జన ప్రాసెసర్ దగ్గర. ఏఎండీలో రెండు దారులున్నాయి. పాత ఏఎం4 బోర్డుకు డీడీఆర్4 ర్యామ్. 2022లో వచ్చిన ఏఎం5 బోర్డుకు డీడీఆర్5 మాత్రమే. రైజెన్ 5 5600 మొదటి దారిలోది. రైజెన్ 5 7600 రెండో దారిలోది. ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్ లాంటి 12వ తరం ప్రాసెసర్లకు రెండు రకాల ర్యామ్‌తోనూ బోర్డులు వచ్చాయి.

డీడీఆర్4 పాతది కాబట్టి చవగ్గా దొరుకుతుందని అనుకుంటే పొరపాటు. కంపెనీలు దాని తయారీ తగ్గించేయడంతో 2025లోనే దాని ధరా పెరిగింది. అయితే మన ఇళ్లలో ఒక సౌకర్యం ఉంది. 2020, 2021లో కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న డెస్క్‌టాప్‌లు చాలా ఇళ్లలో మూలన పడి ఉన్నాయి. వాటిలో డీడీఆర్4 ర్యామ్ ఉంటే అది ఇవాళ బంగారమే. దాన్ని తీసి ఏఎం4 బోర్డులో వేసుకుంటే వేలు మిగులుతాయి. పాత ర్యామ్ ఉన్నవాళ్లకు డీడీఆర్4 దారి. అన్నీ కొత్తగా కొనేవాళ్లు, నాలుగైదేళ్లు వాడాలనుకునేవాళ్లు కాస్త ఓర్చుకుని ఏఎం5 వైపు వెళ్లడం మేలు. ఆ బోర్డులకు 2027 వరకు, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ చెప్పింది. రేపు ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

ర్యామ్ ఎంత కావాలి? 16 జీబీ కంటే తగ్గొద్దు. ఒకటే 16 జీబీ స్టిక్కా, రెండు 8 జీబీలా? రెండుంటే వేగం బాగుంటుంది. బోర్డులో నాలుగు స్లాట్లుంటే రెండు 8 జీబీలు వేయండి. రెండే స్లాట్లుంటే, తర్వాత పెంచే ఉద్దేశం ఉంటే, ఒక 16 జీబీతో మొదలుపెట్టి రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోండి. కొంత వేగం తగ్గుతుంది, కానీ రేపు ఉన్నది పారేయాల్సిన పని ఉండదు.

కార్డు ఇప్పుడే తప్పదా?

తప్పనిసరి కాదు. రైజెన్ 5 5600జీ, 8600జీ లాంటి ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. వాలరెంట్, జీటీఏ 5 లాంటి ఆటలు సెట్టింగులు తగ్గించి ఆడుకోవచ్చు. ఇంజినీరింగ్ చదువుకూ సరిపోతుంది. ఏడాది తర్వాత కార్డు కలుపుకోవచ్చు. కాకపోతే ఈ ప్రాసెసర్లు ర్యామ్‌నే గ్రాఫిక్స్‌కూ వాడుకుంటాయి. కాబట్టి వీటికి రెండు స్టిక్కులు తప్పనిసరి.

ఇప్పుడే కార్డు కావాలంటే అందులోని మెమరీ చూడాలి. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060లో 8 జీబీ. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలో 8, 16 జీబీల రెండు రకాలు. పేరు ఒకటే కాబట్టి బిల్లులో ఎన్ని జీబీలో రాయించుకోండి. ఆర్క్ బి580లో 12 జీబీ ఉన్నా అది పాత ప్రాసెసర్ల పక్కన పూర్తి సత్తా చూపలేదని 2025 జనవరిలో వచ్చిన పరీక్షల్లో తేలింది. 5600 కొనేవాళ్లు దానికంటే ఏఎండీ, ఎన్‌విడియా కార్డులు చూసుకోవడమే నయం.

సెకండ్ హ్యాండు కార్డుల సంగతి? 2022 సెప్టెంబరులో ఈథీరియం క్రిప్టో తవ్వకం ఆగిపోయాక, పగలూ రాత్రీ నడిచిన కార్డులు మార్కెట్‌లోకి కుప్పలుగా వచ్చాయి. పాత కార్డుకు కొత్త మోడల్ పేరు పెట్టి అంటగట్టే మోసాలూ ఉన్నాయి. కళ్లముందు అరగంట ఆట నడిపి చూపించనిదే డబ్బివ్వొద్దు. పాత కంప్యూటర్ మొత్తం కొనేవాళ్లు ఇంకోటి చూడాలి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్లలో కొన్నిటికి తప్ప విండోస్ 11కు అధికారికంగా చోటు లేదు. వాలరెంట్ లాంటి ఆటలు విండోస్ 11లో సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు.

కరెంటుతో పరాచికాలొద్దు

మన ఊళ్లలో వోల్టేజీ సంగతి చెప్పక్కర్లేదు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ పేలితే తనొక్కటే పోదు. బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది. పైన చెప్పిన కార్డులకు పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, 550 వాట్లది చాలు. యూపీఎస్ విషయంలోనూ అంకెలు చూసి మోసపోవద్దు. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. సాధారణంగా 360 వాట్లే. గేమింగ్ కంప్యూటర్‌కు అది బొటాబొటి.

కరెంటు బిల్లూ బడ్జెట్‌లో భాగమే. 300 వాట్ల కంప్యూటర్ రోజుకు మూడు గంటలు నడిస్తే నెలకు 27 యూనిట్లు. తమిళనాడులో రెండు నెలలకోసారి లెక్క కాబట్టి 54. కర్ణాటకలో 2023లో మొదలైన గృహజ్యోతిలో ఉచితమయ్యేది ఇంటి పాత సగటు వాడకాన్ని బట్టి. ఆ హద్దు అంచున ఉన్న ఇళ్లు ఈ 27 యూనిట్లను ముందే లెక్కలో వేసుకోవాలి.

సరిహద్దు దాటితే చవకా?

ఇదివరకు అటు రాష్ట్రంలో ఒక పన్ను, ఇటు రాష్ట్రంలో ఒక పన్ను ఉండేది. ఆ తేడా చూసి కొనడానికి సరిహద్దు దాటేవాళ్లు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక కంప్యూటర్ భాగాలకు ఆ తేడా పోయింది. పెట్రోలు, మద్యం జీఎస్టీ బయట ఉన్నాయి కాబట్టి యానానికీ కాకినాడకూ ధర వేరు. ర్యామ్‌కు అలా కాదు. యానాంలో కొన్నా, కాకినాడలో కొన్నా, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నా పన్ను 18 శాతమే. ఎవరైనా "బిల్లు లేకుండా ఇస్తా, తగ్గిస్తా" అంటే తగ్గేది పన్ను కాదు.. మీ వారంటీ.

పెద్ద మార్కెట్లలో రకాలు ఎక్కువ, పోటీ ఎక్కువ. హోసూరు వాళ్లకు ఎస్పీ రోడ్డు గంటన్నర, రెండు గంటల దారి. గుడియాత్తం వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్. ఉత్తర కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు వాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తారు. కానీ ప్రయాణ ఖర్చు, చెడిపోతే మళ్లీ మోసుకెళ్లే ఖర్చు కలిపి చూడండి. రెండు వేల తేడా ఉంటే సొంత ఊరి దుకాణమే నయం. అందరికీ వర్తించే జాగ్రత్త ఒకటుంది. ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లులో ఉండాలి. డబ్బా ఉన్న ప్రాసెసర్‌కు కంపెనీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది. ఇంటెల్ 13, 14 తరాల్లో లోపం బయటపడ్డాక 2024లో చాలా మోడళ్లకు ఇంకో రెండేళ్లు పెంచింది. డబ్బా లేకుండా విడిగా అమ్మే ప్రాసెసర్‌కు ఆ భరోసా ఉండదు.

దుకాణం వేరే రాష్ట్రంలో ఉందని భయపడక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, కొన్నది ఎక్కడైనా, మీరు ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. వస్తువు విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. ఎస్పీ రోడ్డులో కొన్న కార్డుకు రాయచూరులో కేసు వేయొచ్చు. చేతిలో బిల్లు ఉంటేనే సుమా!

ఆగాలా? కొనాలా?

కొత్త ఫ్యాక్టరీ కట్టి చిప్పులు బయటికి తీయాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి వచ్చే పండగకు ధర పడిపోతుందన్న ఆశతో చదువుకు కావాల్సిన యంత్రాన్ని ఆపుకోవడంలో అర్థం లేదు. జీటీఏ 6 కోసమే కొంటామనేవాళ్లు మాత్రం తొందరపడొద్దు. 2025 నవంబరులో కంపెనీ ప్రకటించిన 2026 నవంబరు 19 తేదీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్‌లకే. కంప్యూటర్ మాట అందులో లేదు.

ఇంట్లో పనిచేసే కంప్యూటర్ ఉన్నవాళ్లు దానికి కార్డో ఎస్‌ఎస్‌డీయో కలిపి ఏడాది నెట్టుకురండి. అసలే లేనివాళ్లు మంచి బోర్డు, మంచి ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టండి. కార్డు తర్వాత. వాయిదాలపై వడ్డీ కట్టి కొన్న ర్యామ్, రేటు తగ్గాక కూడా అదే వడ్డీ అడుగుతుంది. నలభై వేలతో మొదలై రెండేళ్లలో పెరిగే యంత్రం అప్పు చేసి తెచ్చే ఎనభై వేల యంత్రం కంటే మధ్యతరగతి ఇంటికి మేలు. పిల్లలకు ఈ లెక్క అర్థమయ్యేలా చెప్పి, భాగాల జాబితా వాళ్లచేతనే రాయించండి.